బండ కట్టని గిత్తలకు బహుమతులా?

మొన్న మా మాధవరంలో టీ తాగుతుంటే, బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయి వచ్చిన కుర్రాడొకడు తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "సూడు సార్, నిట్టనిలువునా లేస్తాంది. మనం ఎక్కేటివి ముసలెద్దు మాదిరి పాకతాయి." ఫోన్‌లో ఒక పెద్ద ప్రయాణికుల విమానం రన్‌వే మీద కాస్త దూరం పరుగెత్తి, ముక్కు ఆకాశానికి ఎత్తి రాకెట్‌లా పోతోంది. చుట్టూ ఉన్న నలుగురూ మెడలు సాచి చూశారు. ఒకాయన ఆ కంపెనీ విమానమైతేనే ఎక్కాలన్నాడు. ఇంకొకాయన మన పైలట్లకు అంత ధైర్యమెక్కడిదన్నాడు.

ఇది ఆ హోటల్లో నలుగురి మాటే అయితే వ్యాసం రాయాల్సిన పని లేదు. చదువుకున్నవాళ్లూ ఇదే అంటున్నారు. టీవీలో విమానాల గురించి మాట్లాడేవాళ్లూ, ఎయిర్ షోల వార్తలు రాసేవాళ్లూ దీన్నే ఇంకొంచెం పెద్ద మాటల్లో చెబుతున్నారు: నిటారుగా లేచే విమానం బలమైన విమానం, బలమైన విమానం భద్రమైన విమానం, కాబట్టి ఎయిర్ షోలో కనిపించేదే దాని అసలు సత్తా అని. ఈ మూడు మాటల్లో మొదటిది సగం నిజం. తక్కిన రెండూ అబద్ధాలు. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి గనక, ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఊరుకోబుద్ధి కాదు.

ముందు ఆ 'నిట్టనిలువు' సంగతి తేలుద్దాం. ఇలాంటి వీడియోల్లో ఎక్కువగా చేతులు మారింది బోయింగ్ 787-9ది. 2015 పారిస్ ఎయిర్ షోకు ముందు వియత్నాం ఎయిర్‌లైన్స్ రంగులతో అది సాధన చేస్తుండగా తీసిన దృశ్యం. ఆ విమానానికున్న రెండు ఇంజిన్లూ కలిసి తోసే బలం సుమారు 67 టన్నులు. మనిషిని, పెట్టెను, ఇంధనాన్ని దేన్నీ ఎక్కించకుండా తూచినా విమానం దాదాపు 129 టన్నులు తూగుతుంది. ఒక వస్తువు నిట్టనిలువుగా పైకి పోతూనే ఉండాలంటే తోసే బలం దాని బరువు కన్నా ఎక్కువ ఉండాలి. 67 టన్నుల తోపు 129 టన్నుల్ని నిలువునా మోయలేదు. ఇది చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు, పత్తి మండీలో కాటా పట్టుకునే మనిషి చాలు.

మరి కంటికి అలా ఎందుకు కనిపించింది? మంత్రాలయం రోడ్డు స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి, ఎదురుగా వస్తున్న గూడ్సు బండిని జూమ్ చేసి తీసి చూడండి. యాభై వ్యాగన్లూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. దూరం నుంచి జూమ్ చేస్తే ముందూ వెనకల దూరం నలిగిపోతుంది. ఎత్తు మాత్రం ఎత్తులాగే ఉంటుంది. రన్‌వే వరసలో నిలబడి తీసిన విమానానికీ అదే జరిగింది. అది కిలోమీటరు ముందుకు పోయింది మన కంటికి ఆనలేదు, పైకి పోయింది ఒక్కటే ఆనింది. మామూలు టేకాఫ్‌లో విమానం ముక్కు 15 డిగ్రీల చుట్టుపక్కల లేస్తుంది. ప్రదర్శనలో దానికి రెట్టింపు దాకా లేవచ్చు. నిలువు అంటే 90 డిగ్రీలు. పైగా ముక్కు ఎంత ఎత్తితే విమానం అంత నిటారుగా ఎక్కుతోందని కూడా కాదు. అది నిజంగా ఎక్కే దారి ముక్కు చూపే దిక్కు కన్నా ఎప్పుడూ కొంచెం కిందనే ఉంటుంది.

సరే, నిలువు కాదు. అయినా మామూలు కన్నా చాలా నిటారే కదా అంటారు. అవును. ఆ నిటారుతనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న, ఎవరూ అడగని ప్రశ్న కూడా అదే.

మా వైపు ఉగాదికో, ఊరి జాతరకో బండలాగుడు పోటీలు పెడతారు. పాలపండ్ల గిత్తలని, రెండు పండ్లవని, ఆరు పండ్లవని, సేద్యపు ఎద్దులని విభాగాలుంటాయి. ప్రతి విభాగానికీ ఇంత బరువు బండ అని ఉంటుంది. కాడికి బండ కడతారు, గడియారం పెడతారు, గడువులోగా ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టి కొలుస్తారు. గిత్తలు బరిలోకి వచ్చేటప్పుడు చెంగుచెంగున ఎగురుతాయి, కాళ్లతో మట్టి చిమ్ముతాయి, పట్టుకున్న మనుషుల్ని ఈడ్చుకుపోతాయి. జనం ఈలలు వేస్తారు. కానీ ఆ ఎగురుడుకు బహుమతి ఇచ్చిన ఊరు కర్నూలు జిల్లాలో నాకు కనిపించలేదు. బండ కట్టాక ఏం చేసిందన్నదే లెక్క.

ఎయిర్ షోలో నిటారుగా లేచేది బండ కట్టని గిత్త. 787-9 నిండు బరువుతో టేకాఫ్ తీసుకోగల పరిమితి 254 టన్నులు. ప్రదర్శన నిమిషాల్లో అయిపోతుంది గనక ఇంధనం కొంచెమే పోస్తారు, ప్రయాణికులుండరు, సామాను ఉండదు. అంటే మనం ఎక్కి దూరదేశం పోయేటప్పటి బరువులో సగానికి కాస్త పైన ఉంటుంది. ఇంజిన్లు మాత్రం ఆ రెండే, ఆ బలమే. బరువు సగం చేసి బలం అలాగే ఉంచితే ఎగరక ఏం చేస్తుంది? ఆదోని మార్కెట్లో బోరాలు దించేసి ఇంటికి మళ్లిన ఖాళీ బండి ఎద్దులు ఎలా పోతాయో మా రైతులకు తెలుసు. దాన్ని చూసి ఎవరూ ఎద్దులు కొనరు.

ఆ ఇంజిన్లకు అంత అదనపు బలం ఎందుకిచ్చారన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఎగురుడు చూపించడానికి ఇచ్చింది కాదు అది. రెండు ఇంజిన్ల విమానానికి ఒక నిబంధన ఉంది. నిండు బరువుతో రన్‌వే మీద పరుగు తీస్తుండగా, ఇక ఆగలేని వేగం దాటిన మరుక్షణం ఒక ఇంజిన్ పూర్తిగా పోయిందనుకోండి. మిగిలిన ఒక్క ఇంజిన్‌తో విమానం గాలిలోకి లేవాలి, చక్రాలు ముడుచుకున్నాక కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కుతూ పోవాలి. వంద మీటర్లు ముందుకు పోతే 2.4 మీటర్లు పైకన్నమాట. చూడ్డానికి అది ఎంత చిన్న వాలో! మా ఊరి కాలువ గట్టు అంతకన్నా నిటారుగా ఉంటుంది. అయినా ఆ చిన్న వాలు కోసమే ఒక్కో ఇంజిన్‌నూ ఒంటరిగా విమానాన్ని మోయగలిగేంత పెద్దదిగా చేయాల్సి వచ్చింది. కాడిలో ఒక ఎద్దు కూలితే రెండోది బండి ఆపకుండా గట్టెక్కించాలన్న ముందుచూపు అది. మీ బిడ్డ దుబాయ్‌కో డల్లాస్‌కో పోయే రాత్రి, వాళ్ల ప్రాణాలకు కాపలాగా దాచిపెట్టిన బలం. ఎయిర్ షోలో రెండు ఇంజిన్లూ బాగుండగా, కడుపు ఖాళీగా ఉండగా, ఆ దాచిన బలాన్ని ఒక్కసారిగా వదులుతారు. జనం చప్పట్లు కొడతారు. ఆ బలం ఎందుకు పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు.

మన విమానాలు ముసలెద్దుల్లా పాకుతాయన్న మాటకు ఇప్పుడు వద్దాం. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. రన్‌వే రెండు వేల మీటర్లు. అక్కడి నుంచి బెంగుళూరుకు, విశాఖకు, చెన్నైకి ఫ్యాన్ రెక్కల ఏటీఆర్ విమానాలు తిరగడం మొదలుపెట్టాయి. మా వైపు మే నెలలో ఎండ 43 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, గాలి వేడెక్కి పలచబడుతుంది. పలచబడ్డ గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది, పరుగు పొడుగవుతుంది. ఆ వేడిలో, ఆ రన్‌వే మీద, ఇంతమందితో, ఒక ఇంజిన్ పోయినా బతికి బయటపడేటట్టు లెక్క వేసి, ఆ లెక్క దాటకుండా మెల్లగా లేచే విమానం చేసే పని ఎయిర్ షో విమానం చేసే పనికన్నా కష్టమైనది. నా మాట అతిశయోక్తి అనిపిస్తే ఆ రెండిటికీ ఎంత బండ కట్టారో చూసి మళ్లీ చెప్పండి.

ఇంకొకటి. పెద్ద జెట్ విమానాల్లో పైలట్లు చాలాసార్లు కావాలనే ఇంజిన్ పూర్తి బలం వాడరు. రన్‌వే పొడవు, బరువు, గాలి, వేడి చూసి, నిబంధనలు ఒప్పుకున్నంతమేర తగ్గించి టేకాఫ్ చేస్తారు. దానివల్ల ఇంజిన్ లోపలి వేడి తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, ఇంజిన్ చెడిపోయే అవకాశమూ తగ్గుతుంది. అవసరమైతే పూర్తి బలం చేతికందేంత దూరంలోనే ఉంటుంది. అంటే మెల్లగా లేచింది చేతకాక కాదు, లెక్క తెలిసి. ఆ పైలట్‌ను పిరికివాడనడం, గేరు మార్చి ఘాటు దిగే బస్సు డ్రైవరును చేతకానివాడనడం లాంటిది.

ఈ తప్పుడు అభిప్రాయం టీ కొట్టు దాకానే ఉంటే నష్టం లేదు. ఒక వేసవిలో, దక్షిణాదిన ఒక చిన్న విమానాశ్రయంలో, ఎండ తీవ్రత వల్ల బరువు తగ్గించాలని కొన్ని పెట్టెలు దించి తర్వాతి విమానంలో పంపుతామన్నారు. నా పెట్టె కూడా దించారు. ఆ కంపెనీ ముందుగా చెప్పలేదు, కారణం కూడా సరిగ్గా వివరించలేదు. ఆ విషయంలో కోపం న్యాయమే. కానీ అక్కడ ఒక పెద్దమనిషి కౌంటర్లో ఉన్న అమ్మాయి మీద అరిచిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మూడు వందల మంది పట్టే విమానాలు నిలువునా లేస్తున్నాయమ్మా, మీది నాలుగు పెట్టెలు మోయలేదా?" చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన పక్షమే. ఇరవై ఏళ్లు కూడా నిండినట్టు లేని ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పెట్టెలు దించింది ఆ పెద్దమనిషి ప్రాణం కోసమే. ఆయనకు ఆ సంగతి తెలియకుండా చేసింది ఎయిర్ షో వీడియో.

రెండో అబద్ధం ఇంతకన్నా ప్రమాదకరం: అలా ఎగరగలిగింది భద్రమైనదే అయ్యుంటుందన్నది. బోయింగ్ 737 మ్యాక్స్ 2016లో ఫార్న్‌బరోలో, 2017లో పారిస్‌లో ఆకాశంలో విన్యాసాలు చేసింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ మ్యాక్స్ సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో మరొకటి కూలి 157 మంది చనిపోయారు. ఒకే ఒక సెన్సర్ తప్పు చెబితే చాలు, పైలట్ వద్దంటున్నా విమానం ముక్కును పదేపదే కిందికి నొక్కే సాఫ్ట్‌వేర్ అప్పట్లో అందులో ఉండేది. మొదటి ప్రమాదం జరిగేదాకా పైలట్లకు ఇచ్చిన పుస్తకాల్లో దాని ఊసు లేదు. ఎన్ని ఎయిర్ షోలు చూసినా ఆ లోపం బయటపడేది కాదు. ఎందుకంటే ప్రదర్శనలో అన్నీ సవ్యంగా ఉంటాయి. భద్రత అనేది ఏదో ఒకటి సవ్యంగా లేనప్పుడే తెలిసే గుణం.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 787-8 కూలి, విమానంలో 241 మంది, నేల మీద 19 మంది చనిపోయాక, ఆ పాత పారిస్ వీడియో మళ్లీ నా ఫోన్‌కు వచ్చింది. కింద ఒక ప్రశ్న: అక్కడ అలా లేచింది ఇక్కడ ఎందుకు లేవలేదు? శవాలు ఇంకా ఇళ్లకు చేరకముందే వచ్చిన ప్రశ్న అది. గాలిలోకి లేచిన కొన్ని క్షణాలకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒకదాని వెంట ఒకటి కటాఫ్‌కు మారాయని ఆ జూలైలో దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక చెప్పింది. ఇంధనం అందని విమానానికీ, ఇంజిన్లు రెండూ గర్జిస్తున్న ఖాళీ విమానానికీ పోలిక పెట్టడం అన్యాయం. చనిపోయినవాళ్ల పట్ల మరీ అన్యాయం.

ఇక్కడ ఎదుటివారి మాట ఒకటి న్యాయంగా ఒప్పుకోవాలి. తయారీ కంపెనీలు చేసే ఈ ప్రదర్శనలు ఇష్టారాజ్యంగా చేసేవి కావు. పరీక్షా పైలట్లు నడుపుతారు, ప్రతి మలుపునూ ముందే సాధన చేస్తారు, విమానం హద్దుల్లోనే ఉంచుతారు. 787 ప్రదర్శనల్లో ఎవరికీ గీటు కూడా పడలేదు. కాబట్టి అవన్నీ ప్రాణాలతో చెలగాటమని నేననను. కానీ జనం కోసం విమానాన్ని దాని అలవాటుకు మించి నడిపించాలన్న మోజు ఎక్కడికి తీసుకుపోతుందో చరిత్రలో ఉంది. 1988 జూన్ 26న ఫ్రాన్స్‌లోని హాబ్షైమ్‌లో, చిన్న ఎయిర్ షో జనానికి చూపడానికి కొత్త ఎయిర్‌బస్ ఎ320ను 130 మంది ప్రయాణికులతో సహా నేలకు ముప్పై అడుగుల ఎత్తున మెల్లగా నడిపారు. రన్‌వే చివర చెట్లున్నాయి. ముగ్గురు చనిపోయారు. 2010 జూలై 28న అలాస్కాలో అమెరికా వాయుసేన సి-17 సరుకుల విమానం ఎయిర్ షోకు సాధన చేస్తూ నిటారుగా లేచి, వెంటనే గట్టిగా పక్కకు వాలి, గాలి పట్టు తప్పి కూలింది. అందులో ఉన్న నలుగురూ పోయారు. రెక్క పట్టు కోల్పోతున్నానని విమానం చేసిన హెచ్చరికను లెక్కచేయలేదని దర్యాప్తులో తేలింది.

మనకు ఇవి దూరపు సంగతులు. దగ్గరి సంగతి 2010 మార్చి 3ది. హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదటి రోజు. నావికాదళం సాగర్ పవన్ బృందంలోని కిరణ్ విమానం విన్యాసాల మధ్యలో న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ల మీద కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. కింద తమ పనుల్లో ఉన్నవాళ్లు గాయపడ్డారు. అది జెట్ శిక్షణ విమానమే గానీ ప్రయాణికుల విమానం కాదు, నిజమే. కానీ నలువైపులా జనం నిండిన బేగంపేటలో ఆకాశాన్ని వేదిక చేసుకున్నప్పుడు ఇల్లు కూలేది టికెట్ కొన్నవాళ్లది కాదని ఆ రోజు తెలిసింది. చప్పట్లు కొట్టింది ఒకరు, పైకప్పు పోగొట్టుకుంది మరొకరు.

ఇంకో వాదం ఉంది, దాన్ని వ్యాపారం తెలిసినవాళ్లు చేస్తారు: ప్రదర్శన లేకపోతే అమ్మకం లేదని. చరిత్ర దీన్ని కూడా కొట్టేస్తుంది. 1955 ఆగస్టులో సియాటిల్ దగ్గర సరస్సు మీద, విమాన కంపెనీల పెద్దలు చూస్తుండగా, బోయింగ్ పరీక్షా పైలట్ టెక్స్ జాన్‌స్టన్ 707కు మాతృక అయిన విమానాన్ని పల్టీ కొట్టించాడు. ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకునే విన్యాసమది. అదే ఏడాది అక్టోబరులో పాన్ అమెరికన్ కంపెనీ జెట్ విమానాలు ఆర్డర్ చేసింది: 707లు 20, డగ్లస్ డీసీ-8లు 25. ఆ డీసీ-8 అప్పటికి కాగితం మీద గీతలే, మొదటిసారి ఎగిరింది 1958లో. పల్టీ కొట్టిన విమానం కన్నా పుట్టని విమానానికే ఐదు ఎక్కువ. కొనేవాళ్లు సీటుకు ఇంధనం ఎంత, ఎంత దూరం పోతుంది, మరమ్మతు ఖర్చెంత, ఎప్పటికి చేతికిస్తారు అన్నవే చూస్తారు. 2024 జనవరిలో అదే బేగంపేటలో వింగ్స్ ఇండియా జరుగుతుండగా ఆకాశ ఎయిర్ 150 మ్యాక్స్ విమానాలకు ఆర్డర్ ప్రకటించింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్‌కు గాలిలో తలుపు పలక ఊడిపోయి రెండు వారాలు కూడా కాలేదప్పటికి. పల్టీకి ఆర్డర్ రాదు, పలక ఊడితే ఆర్డర్ ఆగదు. అది వేరే లెక్క, ఆకాశంలో ఎగురుడు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

పిల్లల సంగతేమిటంటారా? ఎయిర్ షో చూసి పైలట్ కావాలనుకున్న పిల్లలున్నారు కదా అని. ఉన్నారు, ఉండాలి. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్న ఇంట్లో పుట్టిన పిల్ల ఆకాశం వంక చూసి నేనూ అనుకోవడం కన్నా నాకు సంతోషమేముంది? అందుకే ఆ పిల్లకు నిజమైన అద్భుతం చూపించమంటున్నాను. విమానాలకూ బండలాగుడు పోటీలున్నాయి, వాటికి జనాన్ని పిలవరంతే. 787 రెక్కలకు జీవితంలో ఎదురుకాగల అత్యధిక బరువుకు ఒకటిన్నర రెట్లు వేసి, 2010 మార్చిలో పాతిక అడుగుల దాకా పైకి వంచారు. విరగలేదు. ఎయిర్‌బస్ ఎ380లో 2006 మార్చి 26న 873 మందిని కూర్చోబెట్టి, దీపాలార్పి, సగం తలుపులు పనిచేయకుండా చేసి దిగమన్నారు. 90 సెకన్లు గడువైతే 78 సెకన్లలో అందరూ బయటపడ్డారు. అరిగిపోయిన బ్రేకులతో, నిండు బరువుతో రన్‌వే మీద పరుగెత్తించి, లేచే ముందు గట్టిగా ఆపుతారు. బ్రేకులు ఎర్రగా కాలతాయి, టైర్లలో గాలి దిగిపోతుంది, ఐదు నిమిషాల పాటు ఎవరూ నీళ్లు చల్లకుండా అలా నిలబెడతారు. మంట విమానానికి పాకకూడదు. ఈ దృశ్యాలు చూస్తున్నప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. నిటారు టేకాఫ్ చూస్తే అలా కాదు.

వింగ్స్ ఇండియా రెండేళ్లకోసారి బేగంపేటలో జరుగుతోంది. దాన్ని నడిపేవాళ్లను నేను ఎగరేయడం మానమని కోరను. ఈ పరీక్షల దృశ్యాలు పెద్ద తెర మీద చూపించండి. బ్రేకు కాలిన చక్రాన్ని పిల్లల చేత ముట్టించండి. మా ఊళ్లో బండ కదలక ముందే మైకులో చెబుతారు: ఫలానా ఊరి కాడి, బండ ఇన్ని క్వింటాళ్లు, గడువు ఇన్ని నిమిషాలు అని. బేగంపేటలోనూ విమానం రన్‌వే మీదికి రాగానే, ముక్కు ఎత్తక ముందే, తెలుగులో ఇలా చెప్పండి: "ఇది ఖాళీ విమానం. మీరు ఎక్కినప్పుడు దీని బరువు ఇంతకు దాదాపు రెట్టింపు ఉంటుంది. ఇప్పుడు రెండు ఇంజిన్లూ పనిచేస్తున్నాయి. నిండు బరువుతో ఒక్క ఇంజినే మిగిలినా ఇది లేస్తుంది, వంద మీటర్లకు దాదాపు రెండున్నర మీటర్ల లెక్కన, మెల్లగా."